ఏడు లారీల ఖాళీ తూకం

నీలిమ మీద కడుపుమంట ఎప్పుడు మొదలైందని అడిగితే త్రినాథరావు చెప్పలేడు గాని, ఎంత ఉందని అడిగితే మాత్రం చెప్పగలడు. రెండు చెంబుల మజ్జిగ తాగినా చల్లారనంత ఉంది.

భిలాయిలో జాముల్ అవతల ఉన్న ఆ రోలింగ్ మిల్లులో, లారీలు తూచే కాటా గదిలో పన్నెండేళ్ళుగా ఆయనదే రాజ్యం. రాజ్యమంటే ఏముంది, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, ఒక కిటికీ. ఖాళీ లారీ వచ్చి కాటా ఎక్కితే దాని బరువు కంప్యూటర్లో ఒక తాత్కాలిక ఫైలుగా పడుతుంది. అదే లారీ ఇనుప చువ్వలు నింపుకుని మళ్ళీ కాటా ఎక్కినప్పుడు, ఆ ఖాళీ తూకం తీసేస్తే సరుకెంతో తేలి చీటీ వస్తుంది. ఆ తర్వాత ఆ ఫైలుతో ఎవరికీ పని లేదు. కానీ ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడెవడో, తిన్న విస్తరి తీసే అలవాటు లేనివాడు. పాత ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే పడి ఉండేవి. నాలుగు రోజులు పట్టించుకోకపోతే కుప్ప పడిపోయి కంప్యూటరు మొరాయించేది.

అప్పుడు వినాలి ఆ కేకలు! "త్రినాథ్ భయ్యా, కాంటా అటక్ గయా! జల్దీ ఆవో!" అని డ్రైవర్లు అరుస్తుంటే, మేనేజరు గురుమూర్తి కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. త్రినాథరావు తాపీగా టీ తాగి, యార్డులో ఇంకా ఏ లారీలున్నాయో కిటికీలోంచి చూసుకుని, వాటివి వదిలేసి మిగతా ఫైళ్ళన్నీ ఏరి తుడిచేసేవాడు. అదీ తలుపు దగ్గరగా వేసుకుని మరీ. విద్య నలుగురికీ తెలిసిపోతే ఇక విలువేముంటుంది?

అలాంటి చోటికి ఈ నీలిమని తెచ్చింది తనే. అసలు మంట అక్కడే ఉంది. క్యాంప్ 1లో తమ వీధి చివరింటి శంకరరావు కూతురు. శంకరరావు స్టీలు ప్లాంటులో రిటైరయ్యాక, "పిల్ల కంప్యూటర్లు సదివింది తమ్ముడూ, ఎక్కడైనా పెట్టించవా" అని బతిమాలితే, జాలిపడి గురుమూర్తికి తనే చెప్పాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఏకై వచ్చిన పిల్ల మేకై కూర్చుంది.

వచ్చిన మూడో వారంలోనే అడిగింది. మర్యాదగానే అడిగింది, ఆ మాట ఒప్పుకోవాలి.

"బాబాయ్, ఈ టెంప్ ఫైల్స్ రోజూ మీరు చేత్తో తీస్తారా? ఆటోమేటిక్ హో జాయేగా. పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేయగానే, ఇరవైనాలుగు గంటలు దాటినవన్నీ దానంతటదే తుడిచేస్తుంది, ఆనవాలు కూడా మిగలదు. లారీ ఒక్కరోజుకి మించి లోపల ఉండదు కదా?"

"ఉండదు."

"ఇంకేమైనా చూసుకోవాలా?"

"ఏటీ లేదమ్మా. సదువుకున్నదానివి నువ్వు, నాకేటి తెలుస్తాది?"

అంటూ ఉండగానే ఆయనకి విశ్వకర్మ పూజ గుర్తొచ్చింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

భిలాయిలో విశ్వకర్మ పూజ నాడు యంత్రాన్ని పనికి ముట్టుకునేవాడు ఉండడు. క్రేనుకీ, లారీ స్టీరింగుకీ, ఆఖరికి కంప్యూటరుకీ బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వదిలేస్తారు. ముందురోజు సాయంత్రం వచ్చిన ఖాళీ లారీలు తూకం వేయించుకుని, పూజ రోజంతా యార్డులోనే ఉండి, మర్నాడు తెల్లారకుండా లోడు ఎత్తుకుంటాయి. ఏడాది మొత్తమ్మీద ఖాళీ తూకాలు ఒకరోజు దాటి నిలవుండేది అప్పుడే. నీలిమ ఈ ఊళ్ళోనే పుట్టింది, ఏటేటా పూజ ప్రసాదం తింటూనే ఉంది, అయినా ఆ సంగతికీ ఈ ఫైళ్ళకీ ముడిపెట్టుకోలేదు.

పోనీ, ఈలోగా నీలిమ పెట్టిన ప్రోగ్రాం పాడైనా కొంత ఊరటగా ఉండేది. రెండున్నర నెలల్లో కంప్యూటరు ఒక్కసారైనా ఆగితే ఒట్టు. కేకల్లేవు, పిలుపుల్లేవు. ఒకరోజు గురుమూర్తి వచ్చి, "త్రినాథ్, లోపల ఇంక నీకు పనేముంది? గేటు దగ్గర లారీల వరస చూసుకో" అన్నాడు. అంతే, పన్నెండేళ్ళ కుర్చీ ఆ పిల్ల కిందికి పోయింది. తను గేటు దగ్గర ఎండలో నిలబడితే, నిన్నటిదాకా భయ్యా భయ్యా అంటూ వెంటపడినవాళ్ళే తనని దాటుకుపోయి, "నమస్తే నీలిమా దీదీ!" అంటుంటే, కళ్ళలో నిప్పులు పోసుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొస్తే భార్య భాగ్యరేఖ మరో రెండు కట్టెలు ఎగదోసేది. "ఆ పిల్ల బంగారం గదండీ. మీ కష్టం తప్పించింది."

"నా కష్టం తప్పించమని దాన్నెవలడిగేరే?" అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

పూజ ముందురోజు, పదహారో తేదీ సాయంత్రం ఏడు ఖాళీ లారీలు వచ్చాయి. నీలిమ తూకాలన్నీ వేసి, పూజకి పూలు తేవడానికి బజారుకి వెళ్ళింది. త్రినాథరావు కాటా గదిలో దూరి, ఆ ఏడు ఫైళ్ళనీ తన పెన్ డ్రైవులోకి కాపీ చేసుకుని జేబులో వేసుకున్నాడు. ఎల్లుండి ఆ పిల్ల నలుగురిలో నోరెళ్ళబెట్టాలి. అప్పుడు తను వెళ్ళి కాపాడాలి. కుర్చీ మళ్ళీ తనదవ్వాలి. లారీలవాళ్ళకి ఏ నష్టమూ రాదు కాబట్టి ఇందులో పాపం లేదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

పద్దెనిమిదిన అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. తొమ్మిదింటికి మొదటి లారీ లోడుతో కాటా ఎక్కింది. ఖాళీ తూకం లేదంది కంప్యూటరు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. హారన్లు మొదలయ్యాయి. గురుమూర్తి పరుగెత్తుకొచ్చాడు.

"ఏడు లారీలూ లోడు దింపి మళ్ళీ తూచాలా? సాయంత్రం దాకా క్రేను దానికే సరిపోతుంది! ఎవరు చేశారిది?"

"నేనే సార్," అంది నీలిమ. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా ప్రోగ్రామే తుడిచేసింది."

"త్రినాథ్ భయ్యాకో బులావో!" అని ఎవరో డ్రైవరు గట్టిగా అరిచాడు.

ఆహా! ఎన్నాళ్ళకి ఆ కేక! త్రినాథరావు కావాలనే నెమ్మదిగా నడిచాడు. "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, పెన్ డ్రైవు పెట్టి, ఏడు ఫైళ్ళనీ వాటి చోట్లో వేశాడు. మొదటి లారీకి చీటీ టకటకా బయటికొచ్చింది. డ్రైవర్లు ఆయన భుజాలు చరిచారు. గురుమూర్తి కూడా నవ్వబోయి, తెరమీద పెన్ డ్రైవు ఫైళ్ళ పక్కనున్న తేదీ చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి? పదహారు సాయంత్రం ఆరుంబావుకి తీసిన కాపీ ఇది. అంటే ఇవాళ ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసన్నమాట. మరి చెప్పలేదేం?"

ఈ ఒక్కటీ ఆయన ఆలోచించలేదు. తేలు కుట్టిన దొంగలా పెన్ డ్రైవు పీకి జేబులో వేసుకున్నాడు. నీలిమ ఆయనకేసి చూసింది. ఆ పిల్లకి అంతా అర్థమైపోయిందని ఆ చూపులోనే తెలిసింది. తను అడిగిన సంగతీ, ఆయన చెప్పిన జవాబూ ఒక్కమాట బయటపెడితే చాలు, కుర్చీ మాట దేవుడెరుగు, గేటు దగ్గర నిలబడే పని కూడా ఉండదు.

"నేనే తీసి ఉంచమన్నాను సార్," అంది నీలిమ. "పూజ కదా, ఎందుకైనా మంచిదని. కంగారులో ఆ సంగతి నాకే గుర్తురాలేదు."

గురుమూర్తి మొహం విప్పారింది. "శభాష్! ముందుచూపంటే అదీ. నిజమేనా త్రినాథ్? ఈ అమ్మాయే చెప్పిందా?"

కాదు! అది నా బుర్ర, నా పన్నెండేళ్ళ అనుభవం, ఈ మిల్లు మొత్తంలో నా ఒక్కడికే తెలిసిన సంగతి! అని అరవాలనిపించింది త్రినాథరావుకి.

"అవును సార్," అన్నాడు. "అమ్మాయే సెప్పింది."

"వాహ్ దీదీ!" అన్నారు డ్రైవర్లు. త్రినాథరావు కుర్చీలోంచి లేచి ఆ పిల్లకి చోటిచ్చి, గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. నలుగురిలో పట్టిచ్చి ఉంటే జన్మంతా ఆ పిల్లని తిట్టుకుంటూ హాయిగా బతికేవాడు. ఇప్పుడు ఆ దారి కూడా లేకుండా చేసింది.