సువార్తమ్మ గుప్పెడు

నేను ఒక బిస్కట్ల డబ్బాను. నిజానికి ఈ ఇంటికొచ్చాక బిస్కట్లు నాలో ఉన్నది మూడు రోజులే. అయినా ఇప్పటికీ అలాగే చెప్పుకుంటాను. పదవి దిగిపోయాక కూడా ప్రెసిడెంటుగారూ అనిపించుకునే పెద్దమనుషుల వరస నాది.

పుట్టింది ఏదో పెద్ద ఊళ్లో, రేకులు వంచే యంత్రం నోట్లో. ఆ సంగతులు లీలగా గుర్తున్నాయి. వేడి, మోత, నాకు ముందూ వెనకా నాలాంటివే వందల డబ్బాలు. తరువాత చీకటి, లారీ కుదుపులు. మళ్లీ వెలుగు చూసేసరికి కోనసీమలో ఒక కాలవగట్టు పేటలో ఉన్నాను. ఆ రోజు క్రిస్మస్. ఏడాదంతా చర్చి ఊడ్చి చాపలు పరిచినందుకు పాస్టరుగారి భార్య నన్ను సువార్తమ్మ చేతిలో పెట్టింది. పేటలో పిల్లలు బిస్కట్లు ఖాళీ చేశారు. సువార్తమ్మ నన్ను కడిగి, ఎండబెట్టి, పొయ్యి పక్కన గూట్లో పెట్టి, "ఇకనించీ నువ్వు దేవుడి డబ్బావి" అంది. బిస్కట్ల ముందు ఇదేమంత గొప్ప ఉద్యోగమని అప్పట్లో నాకు కాస్త చిన్నతనంగానే ఉండేది.

ఆ పేటలో ఆడవాళ్లకి ఒక అలవాటుంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచినప్పుడల్లా, కడగకముందే, అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుడికని వేరే వేస్తారు. ఆదివారం దాన్ని చర్చికి పట్టుకెళ్లి గంపలో పోస్తారు. అది పాస్టరుగారింటికీ, పేటలో దిక్కులేని ముసలివాళ్లకీ చేరుతుంది. సన్నబియ్యమూ కోటాబియ్యమూ ఆ గంపలో కలిసిపోయాక ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

నా బతుకంతా సగం నిద్రే. మూత పడితే చీకటి. ఆ చీకట్లో పొయ్యి వెచ్చదనం, గంజి వాసన, కాలవలో పడవ పోతున్న చప్పుడు, సువార్తమ్మ కూనిరాగం అన్నీ కలగలిసి ఎక్కడో దూరాన జరుగుతున్నట్టుండేవి. పూటపూటకీ మూత తెరుచుకునేది. వెలుగుతోపాటు ఒక చెయ్యి వచ్చేది. గింజలు చిరుజల్లులా రాలేవి. "తండ్రీ, ఇది నీది" అని ఆమె గొణిగేది. అంతే, మళ్లీ చీకటి. వానలకి వారం రోజులు పనుల్లేక ఇంట్లో నూకల గంజి కాచుకున్నప్పుడు కూడా ఆ గుప్పెడు తప్పలేదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చర్చి స్త్రీల సమాజంలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే, ఆమె లేచి నిలబడి "అందరికీ వందనాలు" అని కూర్చుందట!

ఆమె భర్త దేవసహాయం. పేరులో దేవుడూ సహాయమూ రెండూ ఉన్నా, రెంటికీ కాస్త ఎడంగానే మసిలేవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. ఆదివారం పెళ్లాన్ని సైకిలు మీద చర్చిదాకా దింపి, ప్రార్థన అయ్యేదాకా తూము మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

"ఈ గుప్పెడు బియ్యం లేకపోతే మీ దేవుడు పస్తుంటాడేటే?" అనేవాడు.

"ఆయనకేం, పస్తుండడు. ఎయ్యకపోతే నాకే ముద్ద దిగదు" అనేది సువార్తమ్మ.

ఒక వానాకాలం సోమవారం ఆమె ఎప్పటిలా నాలో గుప్పెడు వేసి నాట్లకి వెళ్లింది. చేలోనే కూలిపోయింది. పది రోజుల తరువాత ఆసుపత్రి నుంచి మంచం మీద తెచ్చారు. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మింగగలదు, తినిపించండి, తినకపోతే మందులు పనిచేయవు, మనిషి దక్కదు అని డాక్టరు చెప్పి పంపాడట.

దేవసహాయం పొయ్యి ముట్టించాడు. బియ్యం తిన్నగా ఎసట్లో పోశాడు. మెత్తగా వండి, నోటి దగ్గర పెడితే ఆమె పెదవులు బిగించేసింది. వంట కుదరలేదేమోనని మళ్లీ వండాడు. చారు మార్చాడు. బతిమాలాడు, కసిరాడు, ఏడ్చాడు. ఆమె నోరు తెరవలేదు. రెండోనాడు పాస్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన చేసిన ప్రార్థనకి రెండెసళ్లు ఉడికేవి. ఆమేన్ అన్నప్పుడు ఆమె కళ్లు తడిశాయి గాని నోరు మాత్రం తెరుచుకోలేదు. గూట్లో కూర్చుని అంతా వింటున్న నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

మూడోనాడు ఆమె చూపు నా మీదే ఉందని అతనికి తెలిసింది. "బిస్కట్లు కావాలేటే?" అని నన్ను దింపి మూత తీశాడు. అడుగున ఆ సోమవారం గుప్పెడు ఉంది. దాన్ని వేళ్లతో కదిపి చూశాడు.

"ఇదా! ఇందుకా నోరు కట్టేసుకున్నావు!"

గబగబా ఒక గుప్పెడు వేశాడు. చెట్లెక్కే చెయ్యి, ఆమె గుప్పెడికి రెండింతలు. ఆమె తల అడ్డంగా తిప్పింది. చాలలేదనుకుని ఇంకొకటి వేశాడు. మళ్లీ తిప్పింది. దేవుడి దగ్గర లెక్క తేలకపోతే ఇంకాస్త పోయడమే మనుషులకి తెలిసిన ఉపాయం.

అప్పుడతను మంచం మీద వాలిపోయి ఉన్న ఆమె కుడిచేతిని చూశాడు. "సరేలేయే, నావి తీసేత్తన్నా" అని, తను వేసింది చేటలోకి తీసేశాడు. చేట మంచం మీద పెట్టి, ఆమె చేతిని బియ్యంలో ముంచి, ఒక్కొక్క వేలూ తన వేళ్లతో ముడిచి, మణికట్టు పట్టుకుని నా మీదికి తెచ్చాడు. దారిలోనే బియ్యం దుప్పటి మీద కారిపోయాయి. నాలో పడినవి మూడు గింజలు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"తండ్రీ, ఇది నీది" అన్నాడు దేవసహాయం, ఆమె బదులు. అతని నోట ప్రార్థన వినడం నాకు అదే మొదలు.

సువార్తమ్మ నోరు తెరిచింది. నాకు ఆ క్షణం ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆదివారం అతను నన్ను తువ్వాల్లో చుట్టుకుని ఆడవాళ్ల వరసలో నిలబడ్డాడు. గంపలో పోస్తే సోలెడైనా లేవు. సమాజం పెద్ద ఎలీసమ్మ గంపలోకి చూసి, "వారమంతా కలిపి ఇంతేనా అన్నా?" అంది.

"దాని సేత్తోనే ఏయించాను సెల్లీ. అందులో నా గింజ ఒక్కటీ లేదు" అన్నాడు.

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆ రోజు తూము దగ్గరికి పోలేదు. చివరి చాప మీద కూర్చున్నాడు.

ఆ తరువాత రెండేళ్లు ఒక్క పూటా తప్పలేదు. రెండేళ్లకి ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు నా రంగంతా పోయింది, అంచులు తుప్పు పట్టాయి. అతనూ చెట్లెక్కడం మానేశాడు. ఒక్కడికే వండుకుంటాడు. పూటపూటకీ మూత తెరుచుకుంటుంది, ఒక పెద్ద గుప్పెడు రాలుతుంది. అది అతనిది. తరువాత అతను తన కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుంటాడు. వేళ్లు వదులుగా వేలాడదీసి, బియ్యంలో ముంచి, నా మీదికి తెస్తాడు. మూడో నాలుగో గింజలు పడతాయి.

అవి సువార్తమ్మవి.