బోర్లించిన కంచం

మా యూనివర్సిటీకి తనిఖీ కమిటీ వస్తోందంటే ముందు గోడలకు రంగులు, తర్వాత పిల్లలకు నీతులు. ఈసారీ అంతే. వనపర్తి నుంచి అద్దెకు తెచ్చిన పూలకుండీలు దారి పొడవునా పెట్టారు. ఏళ్లుగా ఎండిన ఫౌంటెన్‌లో ట్యాంకరుతో నీళ్లు పోయించారు. పైన పటారం, లోన లొటారం. ఎవరేం అడిగినా బాగుందనే చెప్పాలని వార్డెన్ నాగేంద్రమ్మ మేడం హాస్టల్ అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది.

కమిటీలో ఒక పెద్దాయన సెకండియర్ వర్షను ఆపి, నీళ్లు సరిగ్గా వస్తాయా అని అడిగాడు.

"దినం తప్పి దినం వస్తయ్ సార్. ఫౌంటెన్ల పోసినయి మాకిస్తే తానాలన్న చేస్తుంటిమి" అంది వర్ష. అడిగినదానికి నిజం చెప్పడం తప్పని ఆ పిల్లకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

కమిటీ కారు గేటు దాటిందో లేదో, క్రమశిక్షణ పేరు చెప్పి వర్షను హాస్టల్ ఖాళీ చేయమన్నారు. వ్యవస్థాపక దినోత్సవం అయ్యాక పెట్టె సర్దుకోవాలట. ఆమెది మల్దకల్ పక్కన పల్లె. అమ్మానాన్నలు పనికోసం బొంబాయి పోయారు, ఇంటికి తాళం. బయట గది తీసుకునే స్థోమత లేదు. హాస్టల్ పోతే ఆ పిల్ల చదువు పోయినట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. నా పేరు నిరోష, సివిల్ మూడో సంవత్సరం. మాది ఇటిక్యాల. ఈ క్యాంపస్‌లో మొదటి రాతి భవనం కట్టినప్పుడు మట్టి మోసిన కూలి గుంపులో మా తాత మల్లన్న ఉన్నాడు. అప్పటికి యూనివర్సిటీ అంటే ఊళ్లో అద్దె గదులు, ఒక పాత లేతు మిషను, అంతే. పసిబిడ్డకు పాలివ్వడానికి కాసేపు కూర్చుందని ఈదమ్మ అనే ఆమెను సూపర్‌వైజర్ పనిలోంచి వెళ్లగొట్టాడు. గుంపు గుంపంతా తట్టలు బోర్లించి పక్కనే కూర్చుంది. తాత వాళ్ల గుంపులో అది కట్టుబాటు. ఒకరికి అన్యాయం జరిగితే అందరి తట్టలూ బోర్లపడాలి. ఎవరికోసం బోర్లించారో వాళ్లే వచ్చి తమ చేత్తో తిప్పాలి, ఇంకెవరూ ముట్టకూడదు. చివరికి ఆ సూపర్‌వైజరే పోయి ఈదమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని ఒక్కొక్క తట్టా తిప్పిందని తాత చెబుతుంటే నాకు కడుపు నిండేది.

ఆ కథ హాస్టల్ పిల్లలకు చెప్పాను.

"మనకు తట్టల్లేవు, కంచాలున్నయ్. దినోత్సవం నాడు పెద్ద సార్లు మనతోనే కూసోని తింటరు. వాళ్ల ముంగట కంచాలు బోర్లేద్దాం. అరుసుడు గిరుసుడు ఏం వద్దు."

అందరికంటే ముందు అఖిల తన కంచం తెచ్చి మధ్యలో పెట్టింది. "దీని మీద చెయ్యి పెట్టి చెప్తున్న. మొదలు నాదే బోర్లపడ్తది" అంది.

అఖిల నా రూమ్మేట్. అచ్చంపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. మొదటి ఏడాది నాకు టైఫాయిడ్ వస్తే, దవాఖానలో నా మంచం పక్కన కింద పడుకుని కనిపెట్టుకుంది. దాని దుప్పటి నాది, నా సబ్బు దానిది. అది చెయ్యి పెట్టాక అందరూ పెట్టారు. గుంపులో మాట ఇచ్చిన మనిషి ఇక తప్పడు, ఇక్కడా అంతేననుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకొకతె ఉండదు.

దినోత్సవం రోజు యూనివర్సిటీ చరిత్ర చెప్పడానికి వేదిక మీదికి అఖిలను పిలిచారు. ఆ సంగతి అది నాకు చెప్పనేలేదు.

"ఈ భవనం కట్టిన పాలమూరు శ్రామికులు చదువుల తల్లి మీది భక్తితో తట్టలు బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చునేవారట. ఆ భక్తే మన పునాది" అంది అఖిల, మైకు ముందు పుస్తకాల తెలుగులో.

చప్పట్లు మోగాయి. ఈదమ్మ లేదు, సూపర్‌వైజర్ లేడు. మా తాత కోపం భక్తి అయి కూర్చుంది. అప్పుడు కూడా మనసులో అఖిలను వెనకేసుకొచ్చాను. మేడంకు అనుమానం రాకుండా అలా చెప్పిందేమో, కంచం దగ్గర చూపిస్తుందిలే అనుకున్నాను.

భోజనాలు మొదలయ్యాయి. అతిథులు ఎదురు బల్ల దగ్గర కూర్చున్నారు. నేను నా కంచం బోర్లించాను. ఇంకో కంచం చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. బగారన్నం మీద వంకాయ కూర పడుతోంది, పిల్లలు తలలు వంచుకుని కలుపుకుంటున్నారు. సార్ల పక్కన కూర్చున్న అఖిల కూడా.

నా పక్కనున్న ఫస్టియర్ సరోజ మెల్లగా అంది. "అక్కా, నిన్ననే వద్దనుకున్నరు గద. అఖిలక్క రూమురూముకొచ్చి చెప్పింది. నువ్వే చెప్పమన్నవంట."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంతలో అఖిల లేచి నా దగ్గరకొచ్చింది.

"జర తినే. అందరు చూస్తుండ్రు" అంటూ నా కంచం తిప్పబోయింది. నేను అదిమి పట్టుకున్నాను.

"ముట్టకు. నా పేరెందుకు చెప్పినవ్?"

"నేను చెప్తే ఇంటరా వాళ్లు? నీ మాటైతేనే నమ్ముతరు. మేడంకు ఎట్లనో తెలిసింది, మా నాయినను పిలిపిస్తనన్నది. నాకు కొలువు సెలక్షన్లున్నయ్. ఒక్కదాని కోసం ఇంతమందిమి బజార్న పడాల్నా?"

కంచం మీది చెయ్యి నేను తీయలేదు.

అప్పుడే వర్ష మెస్‌లోకి వచ్చింది. చేతిలో రేకు పెట్టె ఉంది. బల్లల వెంట అందరి కంచాలూ చూసుకుంటూ వచ్చి నా కంచం దగ్గర ఆగింది.

"నువ్వే వద్దన్నవని చెప్పిండ్రక్కా. నిన్నటిసంది నిన్నే తిట్టుకుంటున్న" అంది. తర్వాత పెట్టె కింద పెట్టి చెయ్యి చాచింది. "నాకోసం ఏసినవ్ గద. నేనే తిప్పుత."

నేను చెయ్యి తీశాను. వర్ష కంచం తిప్పి సరిగ్గా పెట్టింది. "ఇగ తిను. నేను బొంబాయి బస్సుకు పోత."

తట్ట తిప్పాక ఎవరి పని వాళ్లు అందుకోవాలి. అదీ కట్టుబాటే. ఖాళీ కంచాన్ని అక్కడే వదిలేసి, వర్ష పెట్టెకు రెండో పక్క చెయ్యి వేసి లేపాను.

"నిరోషా" అని వెనక నుంచి అఖిల పిలిచింది. నిన్న అది రూమురూముకూ పట్టుకు తిరిగిన పేరు అదే. నేను వర్షతో పాటు గేటు వైపు నడిచాను.