దొర కడుపు ఉబ్బిన రోజు

తెల్లవారకముందే మొదలైన బేకరీ పని ముగించుకుని కోడలు ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. పొయ్యిల వేడికి ఒళ్ళు హూనమైపోయింది. చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా చూసుకోకుండా మంచం మీద వాలిపోయింది.

కానీ నిద్ర పట్టలేదు. వరండాలో దొర అటూ ఇటూ తిరుగుతున్నాడు. గచ్చు మీద గోళ్ళ చప్పుడు ఆగడం లేదు. దొర ఆమె మామగారి కుక్క. దూడంత ఉంటాడు గానీ బల్లి కనబడితే మంచం కింద దూరతాడు.

"మామయ్యా, వాడికేమైంది?" అని పడుకునే కేకేసింది.

"గబగబా మింగి గంతులేశాడు. అరగలేదంతే. కక్కేస్తే తేలికవుతుందిలే, నువ్వు పడుకో అమ్మాయ్."

మామగారు ఏళ్ళ తరబడి లారీలు బాగుచేసిన మెకానిక్కు. ఏ జబ్బయినా కాసేపు ఇంజను చల్లారనిస్తే సర్దుకుంటుందని ఆయన నమ్మకం. ఆమెకూ నమ్మాలనే ఉంది. నమ్మితే కళ్ళు మూసుకోవచ్చు.

ఇంతలో ఓకరింపు వినిపించింది. ఆ వెంటనే ఇంకోటి. కక్కు పడిన చప్పుడు మాత్రం లేదు. ఉసూరుమంటూ లేచింది.

దొర మెడ చాచి తంటాలు పడుతున్నాడు. నోట్లోంచి నురగ తప్ప ఏమీ రావడం లేదు. పడుకోబోయి, పడుకోలేక లేస్తున్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగించిన డోలులా ఉంది. పెదవి ఎత్తి చూసింది. ఎర్రగా ఉండే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి.

పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతలి నర్సు మాట పూర్తి కానివ్వలేదు.

"కక్కడానికి చూస్తున్నాడు, ఏమీ రావట్లేదు, పొట్ట ఉబ్బింది. అంతేనా? వెంటనే బయలుదేరండి. నోట్లో ఏమీ పొయ్యకండి, మందు కూడా వద్దు. సాయంత్రం దాకా ఆగితే బతకడు."

"ఇంత ఎండలోనా? కాస్త చూద్దాం," అని మామగారు నసిగాడు.

"చూసే ఓపిక నాకు లేదు మామయ్యా. కాళ్ళవైపు పట్టుకోండి."

దుప్పటిలో వేసి ఇద్దరూ మోశారు. పక్కింటి టైలరు కుట్టుపని ఆపి వ్యాను తీశాడు. దారి పొడవునా దొర తల ఆమె ఒళ్ళోనే ఉంది. ఓకరింపులు తగ్గుతుంటే ఆమెకు ధైర్యం రాలేదు, భయమే వేసింది.

"కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగింది. ఆపరేషన్ చెయ్యాలి. చేసినా పూర్తి హామీ ఇవ్వలేను," అంది ఆసుపత్రిలో వాణ్ణి పరీక్షించిన డాక్టరమ్మ.

"చెయ్యండమ్మా," అన్నాడు మామగారు.

బెంచీ మీద కూర్చున్న కోడలు గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆయన భుజం తట్టి లేపేసరికి ఎదురుగా డాక్టరమ్మ ఉంది.

"కడుపు సరిచేశాం. మళ్ళీ తిరగకుండా కుట్టేశాం. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చేసేదేమీ ఉండేది కాదు. ఈ రెండు రోజులూ గండం గడిస్తే బతుకుతాడు."

అద్దం తలుపులోంచి చూశారు. మత్తులో ఉన్న దొర పక్కటెముకలు మెల్లగా లేచి పడుతున్నాయి. సంతోషించాలని ఆమెకు తెలుసు. దానికి కూడా ఓపిక లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటంతటవే కారాయి.

మూడో రోజున దొర తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం మామగారు వరండాలో వాడి పక్కన కాపలా కూర్చుని, వీధిలో గోల చేస్తున్న పిల్లల్ని కసిరాడు.

"మెల్లగా ఆడుకోండిరా! మా అమ్మాయి పడుకుంది."