గురువుగారు ఏమన్నారంటే

"తాగొచ్చాడ్రా ముసలాడు!"

అన్నదెవరో తెలియలేదు గాని, నవ్వు మాత్రం ముందు వరసలో పుట్టి మరమరాల ముఢీ అమ్మే బళ్ళ దాకా పాకింది. వేదిక మీద అర్తత్రాణ్ బెహెరా నిటారుగానే నిలబడి ఉన్నాడు. చేతిలో చామరం వణకలేదు, కాళ్ళ గజ్జెలు తాళం తప్పలేదు. తప్పింది నోరు. కేంద్రపడా నుంచి సాలేపూర్ దాకా నలభై ఏళ్ళు పాలా కథలు పాడి, ఎంతమంది గాయకుల నోళ్ళో మూయించిన నోరది. ఇప్పుడు అందులోంచి మాటలు నానిన అటుకుల్లా ఒకదానికొకటి అంటుకుని వస్తున్నాయి.

పక్కనున్న కుళమణి చటుక్కున మైకు ముందుకు జరిగాడు. "గురువుగారు ఏమన్నారంటే..." అని మొదలెట్టి ఆ పద్యాన్ని తానే చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

పాలా జట్టులో రెండోవాడి పని అదే. గాయకుడు ఒక పాదం అంటాడు, వెనకున్నవాళ్ళకి వినపడేలా రెండోవాడు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అంటాడు. ఒక్క అక్షరం మార్చినా అర్తత్రాణ్ చామరం కర్రతో పిక్క మీద ఒకటి వేసేవాడు. కుళమణి పదిహేనేళ్ళు ఆ దెబ్బలు తిని ఎదిగినవాడే. ఆ రోజుతో అతనికి దెబ్బల భయం పోయింది.

ఏకు మేకవడమంటే అదే. మొదట్లో గురువు మాటే చెప్పాడు. తర్వాత గురువు మాటకి తన మాట అతికించాడు. ఏడాది తిరిగేసరికి, పెద్దాయన నోరు తెరవడమే ఆలస్యం, "గురువుగారు ఏమన్నారంటే" అని తన పాటే. ఒకసారి ఎదుటి జట్టు వేసిన ప్రశ్నకి అర్తత్రాణ్ సరైన జవాబే చెప్పాడు. అది అర్థంకాక కుళమణి తప్పు జవాబు చెప్పాడు. ఓడింది మాత్రం అర్తత్రాణ్. "మతి కూడా తప్పుతోంది పాపం" అని దారి పొడుగునా చెప్పుకొచ్చినవాడు కుళమణి.

అర్తత్రాణ్ మతి బంగారంలా ఉంది. అతని కడుపుమంటంతా అదే.

నోటికంటే ముందు పోయినవి చేతులూ కాళ్ళూ. వణుకుడు రోగం మొదట చేతిని పట్టుకుంది, తర్వాత కాళ్ళని బిగించింది. మూడేళ్ళు భార్య బిశాఖే లేపింది, కూర్చోబెట్టింది, దొడ్డికి మోసింది. చివరికి భువనేశ్వర్‌లో తలకి రెండు చోట్ల కన్నం చేసి, మెదడులోకి సన్నటి తీగలు దింపి, వాటిని చర్మం కిందుగా తెచ్చి ఛాతీలో పెట్టిన బ్యాటరీకి కలిపారు. మీట నొక్కారు, వణుకు ఆగింది. అర్తత్రాణ్ ఆసుపత్రి వరండాలోనే నాలుగడుగులు ఆడి చూపించాడు. నర్సులు ఫోటోలు తీసుకున్నారు. నోటి సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ సెల్‌ఫోనంత పెట్టె ఒకటి చేతికిచ్చి మరీ చెప్పింది. "చూడు మౌసా, మొదటి నంబరు పెడితే కాళ్ళూ చేతులూ బాగుంటాయి. కరెంటు ఎక్కువ కదా, పక్కనున్న మాట నరాల మీదికి కూడా పాకుతుంది, నాలిక మొద్దుబారుతుంది. రెండో నంబరులో కరెంటు తక్కువ. మాట తేటపడుతుంది, కాని చిన్నగా వస్తుంది. వణుకూ తిరిగొస్తుంది. రెండూ బాగుండాలంటే నీకు కుదిరేలా లేదు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ పెట్టెని బిశాఖ తన కొంగున ముడేసుకుంది.

"రెండు పెట్టు" అని అర్తత్రాణ్ రోజూ వేళ్ళు చూపించేవాడు.

"రెండు పెడితే ఏం చేస్తావు? మాట్లాడతావు. నలభై ఏళ్ళు నన్ను అన్నది చాల్లేదా?" అనేది బిశాఖ. "మూడేళ్ళు నిన్ను మోసింది నీ శిష్యుడి నడుమా, నా నడుమా? ఇప్పుడు నీ పంచె నువ్వు కట్టుకుంటున్నావు. నాకదే చాలు. మానెయ్ ఆ పాలా. నీ నోరు పడిపోయాక ఇల్లు ఇల్లులా ఉంది."

"పా...పిష్ఠి..."

"పాపిష్ఠిదాన్నే. పఖాళ చద్దన్నం తింటావా, మూతి ముడుచుకుని కూచుంటావా?"

ముద్దముద్దగా వచ్చే ఆ మాటలు లోకంలో అర్థమయ్యేది ఆమె ఒక్కదానికే. రోగంతో గొంతు సన్నబడ్డ ఆ మూడేళ్ళూ పెదాల కదలిక చూసే నీళ్ళా, మందా అని తెలుసుకున్న మనిషి. అర్థమవుతాయి కాబట్టే తిట్టుకి తిట్టు బదులిచ్చేది. ఆమెని చూస్తే అర్తత్రాణ్‌కి ఒళ్ళు మండేది. తను తిట్టేది చేరేది ఆమె ఒక్కదానికేనని తలచుకుంటే ఇంకా మండేది.

హోళీ తిరునాళ్ళు, దోళ మేళణం వచ్చింది. ఊరూరి దేవుళ్ళ పల్లకీలు మైదానానికి చేరాయి. మధ్యాహ్నం ఎండ తిరిగాక బాదీ పాలా మొదలైంది. రెండు జట్లు, ఎదురెదురు వేదికలు, ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు, ఎత్తిపొడుపులు. ఆ ప్రాంతంలో దీనికి ఒకటే నియమం: మృదంగం మోగింది మొదలు గాయకుడు కూర్చోకూడదు. కూర్చున్నాడా, ఓడినట్టే. అర్తత్రాణ్ తన కాలంలో చాలామందిని కూర్చోబెట్టాడు. వాళ్ళలో ధ్రువచరణ్ ఒకడు. ఇవాళ ఎదుటి వేదిక మీద ఉన్నది అతనే. ఆ బాకీ తీర్చుకోవడానికే వచ్చాడు.

ధ్రువచరణ్ బుగ్గన పాన్ పెట్టుకుని మొదలెట్టాడు. "ఓ బెహెరా భాయీ! నీ తలలో తీగలు దింపారట! కటక్ రేడియోకి కలిపారా ఏంటి? పాట రావట్లేదు, గరగర ఒకటే వస్తోంది!"

మైదానం ఘొల్లుమంది.

"నా మీద కోపం తెచ్చుకోకు. ఒక్క మాట చెప్పు. నాతో తలపడతావా, చామరం ఆ కుళమణి చేతిలో పెట్టి ఇంటికెళ్ళి పడుకుంటావా?"

అర్తత్రాణ్ మైకు దగ్గరికొచ్చి "ప్రాణం పోయినా ఇవ్వను" అన్నాడు. జనానికి వినపడింది ఒక గొణుగుడు.

కుళమణి రెండు చేతులూ జోడించాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. "గురువుగారు ఏమన్నారంటే... నా ప్రాణం అలిసిపోయింది, ఈ మేళణంతో సెలవు తీసుకుంటున్నాను, ఈ చామరం ఇక కుళమణిది, అన్నారు."

"హరిబోల్!" అంది జనం. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ మంగళంగా హుళహుళి పెట్టారు. ఎవరో దండ తేవడానికి పరిగెత్తారు.

"లేదు" అన్నాడు అర్తత్రాణ్. "లేదు, లేదు" అని తల అడ్డంగా ఊపాడు.

"ఏడుస్తున్నారు గురువుగారు" అన్నాడు కుళమణి మైకులో.

అర్తత్రాణ్ చామరం కర్ర ఎత్తి కొట్టబోయాడు. కుళమణి ప్రసాదం పుచ్చుకుంటున్నట్టు రెండు చేతులూ చాపాడు. ఇచ్చేస్తున్నాడనుకుని జనం మరోసారి హరిబోల్ అన్నారు. అర్తత్రాణ్ కర్ర వదల్లేదు. వదలకపోతే జనం దాన్నీ ప్రేమే అనుకుంటారని అతనికి తెలుసు. నలుగురిలో బతికుండగానే తనని పాతిపెడుతున్నారు, అరవడానికి నోరు లేదు. అంత అసహ్యం అతనికి రోగం మీద కూడా కలగలేదు.

అప్పటికే ఎదుటి వేదిక మీద మృదంగం అందుకుంది, వంతు ధ్రువచరణ్‌ది. ఆ సందడిలో బిశాఖ ఆడవాళ్ళ వైపునుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వేదిక ఎక్కింది.

"ఆయన అలా అనలేదు" అంది కుళమణితో.

"గురుమా, మానిపించాలని మీరేగా అన్నారు!"

"అన్నాను. మానెయ్యమని రోజూ అంటాను. ఆయన మానేస్తానన్నాడా? నా చెవుల్లో ఎవరూ తీగలు పెట్టలేదురా."

"ఆయన మేలు కోరే..."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. ఆయన మాట నువ్వెవడివిరా ఇచ్చెయ్యడానికి?"

కొంగు ముడి విప్పి, పెట్టె తీసి మొగుడి ఛాతీ మీదికి విసిరినట్టే ఇచ్చింది. "ఇదిగో, నీ రెండు. మళ్ళీ మూడేళ్ళు మోయమంటే మోస్తాను. తిడుతూనే మోస్తాను. నొక్కు!"

అతను నొక్కాడు.

ధ్రువచరణ్ వంతు అరగంట. మొదట బొటనవేలు కదిలింది. తర్వాత ముంజేయి, తర్వాత భుజం. కాళ్ళు కొయ్యబారాయి. గజ్జెలు తాళంతో పనిలేకుండా వాటంతట అవే మోగడం మొదలెట్టాయి. కుళమణి ఓరగా చూసి నవ్వుకున్నాడు. అర్తత్రాణ్ అదేం పట్టించుకోలేదు. నోట్లో నాలిక మీదనుంచి ఎవరో తడిబట్ట తీసేస్తున్నట్టుంది. పరీక్షకి, ఎవరికీ వినపడకుండా, ఒక మాట అనుకున్నాడు. "కు. ళ. మ. ణి." నాలుగక్షరాలూ నాలుగు చోట్ల పడ్డాయి. ఆ పేరు పలకడంలో అంత సుఖం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

అతని వంతు వచ్చింది. మోకాళ్ళు ఇక ఆగలేదు. కూర్చుంటే ఏమవుతుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ మైదానంలో లేడు. బిశాఖ వైపు చెయ్యి చాపాడు. ఆమె చంకల కింద చేతులేసి, "బరువేం తగ్గలేదు" అని సణుగుతూ నేల మీదికి దించింది.

అవతల గెలుపు మృదంగం మోగింది. ధ్రువచరణ్ చామరం గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. ఈలలు. మైకు నిలబడ్డ మనిషి ఎత్తున ఉంది, దాని ముందు కుళమణి ఉన్నాడు. మృదంగం ఆగేదాకా అర్తత్రాణ్ ఓపిక పట్టాడు. తర్వాత కింద కూర్చునే అన్నాడు.

"నేను సెలవు తీసుకోలేదు. చామరం ఎవరికీ ఇవ్వలేదు. కుళమణి అబద్ధమాడాడు."

చిన్న గొంతు. మూడు వరసలు దాటలేదు. ఆ మూడు వరసలకీ ఒక్కో అక్షరం విడివిడిగా వినపడింది. తాగొచ్చాడన్న నోళ్ళు కూడా అక్కడే ఉన్నాయి, అన్నీ మూతపడ్డాయి.

వెనకనుంచి కేకలు లేచాయి. "ఏమన్నాడు? ఏమన్నాడ్రా?" "కుళమణీ, చెప్పవేం!"

"గురువుగారు ఏమన్నారంటే..." అన్నాడు కుళమణి అలవాటుగా. ఆగిపోయాడు. ముందున్న మూడు వరసలూ అతన్నే చూస్తున్నాయి. వాళ్ళు విన్నారు.

"చెప్పు" అన్నాడు అర్తత్రాణ్. "ఉన్నదున్నట్టు."

కుళమణి మైకు వైపు చూశాడు, బిశాఖ వైపు చూశాడు. "కుళమణి... అబద్ధమాడాడు, అన్నారు" అని గొణిగాడు.

"గట్టిగా!" అన్నారు వెనకవాళ్ళు.

అర్తత్రాణ్ చామరం కర్ర ఎత్తాడు. కూర్చున్నవాడికి అందేది పిక్కే. ఒక్కటే వెయ్యాలనుకున్నాడు. చెయ్యి వణకడంవల్ల నాలుగు పడ్డాయి.

కుళమణి ఈసారి ఆ మాట ముఢీ బళ్ళ దాకా వినపడేలా అన్నాడు.