హాల్లో ఒక్క నిమిషం ఆగే రైలు

లోకల్ రైలు మార్గం మీద వచ్చిన వ్యాసాన్ని సమీక్షకు తీసుకునే ముందు అత్తగారి మంచం ఎక్కడుందో ఆమె చూసుకోలేదు. జరిగిన పొరపాటు అదే. విజ్ఞాన సర్వస్వానికి పనిచేసేవాళ్లు సాధారణంగా ఇంత అజాగ్రత్తగా ఉండరు. ముందు ఇల్లు చూసుకుంటారు, తరవాత వ్యాసం తీసుకుంటారు. అగ్నిపర్వతాలను పెళ్లికానివాళ్లకు వదిలేస్తారు. ఎండలు ముదిరాయంటే మంచుకొండల కోసం కొట్టుకు చస్తారు. ఆమె కూడా ఇన్నేళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకునే పనిచేసింది. దీపస్తంభం ఇంట్లో ఉన్నన్నాళ్లూ పడగ్గదికి దుప్పట్లు వేలాడదీసింది. ఉప్పుగనులు ఉన్నన్నాళ్లూ కూరలో ఉప్పు వెయ్యలేదు. సమీక్షకు తీసుకున్నది ఏదైనా ఇంట్లో ఉండేది వ్యాసం మీద సంతకం పెట్టేదాకానే. పెట్టగానే వచ్చిన దారినే పోతుంది, ఇల్లు ఒకసారి తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటే సరి.

ఈసారి ఆమె అలిసిపోయి ఉంది. కప్పల మీద వ్యాసం అప్పుడే ముగిసింది. ఇంకా చెవుల్లో బెకబెకలు పోలేదు. జాబితాలో పైనున్నది ఏదైతే అదేనని రైలు మార్గాన్ని తీసుకుంది. రైలే కదా, పట్టాల మీద పోతుంది, తడి ఉండదు, గెంతదు అనుకుంది.

మర్నాడు పొద్దున పాలు పొంగే వేళకు పొయ్యి పక్క గోడ తెరుచుకుంది. పట్టాలు వంటింట్లోంచి హాల్లోకి వచ్చి, అత్తగారి మంచాన్ని ఆనుకుని సాగి, బాల్కనీ దాటి వెళ్లిపోయాయి. కాసేపటికి మొదటి బండి వచ్చింది. గడ్డం గీసుకుంటున్న భర్త మగ్గు పక్కకు జరుపుకున్నాడు. గార్డు దిగి, గది చూసి, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతుందమ్మా. మీ సమీక్ష ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు వారాలు."

"అందరూ అదే చెప్తారు," అని ఈల ఊది ఎక్కేశాడు.

ఇక చాకిరీ మొదలైంది. బండి వచ్చినప్పుడల్లా అరలో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. ఎంత తుడిచినా టేబుల్ మీద ఇనుప రజను నల్లగా పేరుకునేది. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు మంచినీళ్లు అడిగేవాళ్లు. ఒకాయన ఫోను చార్జింగు పెట్టి, తీసుకోకుండానే వెళ్లిపోయాడు, మళ్లీ బండికి వచ్చి ఆమె మీదే విసుక్కున్నాడు. ఆమె వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని వ్యాసంలో ప్రతి వాక్యానికీ ఆధారం ఉందో లేదో చూసుకుంటూ, మధ్యమధ్యలో లేచి చెంబు అందిస్తూ ఉండేది. కళ్లజోళ్ల దుకాణం నుంచి భర్త ఇంటికి వచ్చేసరికి సోఫాలో ఎవరో ఒకరు తరవాతి బండి కోసం కునికిపాట్లు పడుతుండేవారు.

"నేను పెళ్లి చేసుకుంది మనిషిని అనుకున్నాను, జంక్షన్ అని తెలీదు," అనేవాడు.

"సోఫాలో చోటు లేకపోతే కుర్చీ తెచ్చుకోండి," అనేది ఆమె తలెత్తకుండానే.

అత్తగారు మాత్రం మొదటి రెండు రోజులూ ఏమీ అనలేదు. ఆవిడ బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టిన మనిషి. మిషను తొక్కితొక్కి మోకాళ్లు అరిగాయి, పైనుంచి తుంటి విరిగింది. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాలుగేళ్లలో ఆవిడ కిందికి దిగింది ఆసుపత్రికే. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకెళ్లారు. "గ్యాస్ బండను దింపినట్టు దింపారు, ఖాళీ బండను ఎక్కించినట్టు ఎక్కించారు," అని ఆవిడే చెప్పుకుని నవ్వింది. ఆ తరవాత నవ్వడం తగ్గింది. తిట్టడం కూడా తగ్గిందన్న సంగతి కోడలు గమనించలేదు.

మూడో రోజు బండి వచ్చి ఆగినప్పుడు ఆవిడ లేచి కూర్చుంది.

"అమ్మాయ్, ఈ బండి తలుపూ నా మంచమూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. చూశావా?"

"మొదటి రోజే చూశానత్తయ్యా."

"చూసి చెప్పకుండా ఊరుకున్నావా?"

అంతే. కూర్చున్నది కూర్చున్నట్టే జరిగి, రెండు చేతులూ ఆనించి పెట్టెలోకి చేరిపోయింది. లోపల ఒకామె కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. బండి కదిలింది. అత్తగారు బాల్కనీ దాటి వెళ్లిపోతూ, "చీర మీద వేసుకునేది ఏదైనా ఇవ్వొద్దూ, గాలి కొడుతోంది," అని కేకేసింది. కోడలు శాలువా పట్టుకుని వచ్చేసరికి పట్టాలే మిగిలాయి.

సాయంత్రం తిరిగొచ్చింది. జుట్టు రేగి ఉంది, ముక్కు ఎర్రబడి ఉంది.

"ఏం చూశారు?"

"ఏముంది, గోడలే. కాకపోతే వేరే గోడలు," అని, అన్నం మారు వడ్డించుకుంది.

అప్పట్నుంచి రోజూ పొద్దుటి బండికి వెళ్లడం, సాయంత్రం బండికి రావడం. మొదట్లో ఊరికే అటూ ఇటూ తిరిగొచ్చేది. తరవాత చివరి స్టేషన్లో గార్డు చక్రాల కుర్చీ తెస్తే దిగసాగింది. అక్కడ ప్లాట్‌ఫాం, వీధీ ఒకే మట్టానికి ఉంటాయట, మెట్టన్నదే లేదట. ప్లాట్‌ఫాం పక్క గదిలో గొడుగులు బాగుచేసే ఒకావిడ ఉందట.

"ఆవిడకు చూపు ఆనదు. ఊచలు సరిచేస్తుంది గానీ గుడ్డ పట్టి కుట్టలేదు," అని అత్తగారు చెప్పింది. "నాకు చూపుంది, కాళ్లు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషీ, సగం కుర్చీ."

"జీతం ఇస్తుందా మరి?" అన్నాడు కొడుకు.

"నోరిస్తుంది. పొద్దస్తమానం వాగుతుంది. నీకంటే నయం, నువ్వు అద్దాలు తుడుచుకుంటూ ఊ కొడతావు."

గొడుగుల గదికి వెళ్లడం మొదలుపెట్టాక ఆవిడ మళ్లీ తిట్టసాగింది. కూరలో కారం లేదంది. కిటికీ తెర కుట్టు వంకరగా ఉందని, కుట్టిందెవరో గానీ చెయ్యి విరగ్గొట్టాలంది. అది ఆవిడ కుట్టిందేనని గుర్తుచేస్తే, "అందుకే చెప్తున్నా," అంది. కోడలు ఆ తిట్లు వింటూ వంటింట్లో నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఎన్నాళ్లుగా ఇంత నిశ్శబ్దం ఉండిపోయిందో అప్పుడు తెలిసింది ఆమెకు.

వ్యాసం రాసినవాడు ఒక ఫార్మసిస్టు. అదే రైల్లో రోజూ మందుల షాపుకు వెళ్తూ వస్తూ రెండేళ్లు రాశాడు. బాగా రాశాడు కూడా. 'సమయపాలనకు పెట్టింది పేరు' అన్న ఒక్క మాటకు ఆధారం లేదని ఆమె కొట్టేయించింది. ఆ రోజు నుంచి హాల్లోకి బండ్లు ఇష్టమొచ్చినప్పుడు రాసాగాయి. దాన్ని మినహాయిస్తే సరిదిద్దాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెండు వారాలకు పని నిజంగానే అయిపోయింది.

ఆమె సంతకం పెట్టలేదు. వంతెన ఎత్తుకు ఇంకో ఆధారం అడిగింది, వచ్చింది. పాత సిగ్నళ్ల గురించి ఒక పేరా కావాలంది, అదీ వచ్చింది. నెల దాటింది. ఇనుప రజను అన్నంలోకి కూడా వస్తోంది. ఆమెకు నడుం పట్టేసింది. రాత్రి ఆఖరి బండి వెళ్లాక పడుకుని, తెల్లారి మొదటి బండికి ముందే లేచి, మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని, లేని తప్పు కోసం చదివిందే చదివేది.

ఒక సాయంత్రం ఫార్మసిస్టు ఫోన్ చేశాడు. అత్తగారు అప్పుడే బండి దిగి మంచం మీదికి చేరింది.

"మేడమ్, పెట్టెలు నీలం రంగులో ఉంటాయన్నదానికి ఆధారం అడిగారు."

"అడిగాను."

"అవి మీ హాల్లోంచే కదండీ వెళ్తున్నాయి."

"నేను చూసింది ఆధారం కాదు. అచ్చులో వచ్చింది కావాలి."

"మీమీద కోపం లేదు మేడమ్. ఓపికే లేదు. సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ కాకపోతే వ్యాసం వెనక్కి తీసేసుకుంటాను. ఎవరూ చదవకపోయినా పర్లేదు."

ఫోన్ పెట్టేశాక ఆమె అక్కడే కూర్చుంది. సంతకమైతే ఎప్పుడు పెట్టాలో తన చేతిలో ఉంటుంది. రాసినవాడు వెనక్కి తీసుకుంటే అలా కాదు. ఆ క్షణానే గోడలు మూసుకుంటాయి, ఎటు ఉన్నవాళ్లు అటే. ఇలాగే నది మీద వ్యాసం వెనక్కి పోయినప్పుడు తోటి సమీక్షకుడి బావమరిది అవతలి ఒడ్డున పడ్డాడు. పడవ మధ్యలో లేడు కాబట్టి బతికాడు.

"ఏమిటట?" అంది అత్తగారు.

కోడలు చెప్పింది.

"ఆ వ్యాసం ఎప్పుడో అయిపోయింది కదూ?"

"అయిపోయింది."

"మరి?"

కోడలు కంచాలు పెట్టసాగింది.

"నా పేరు చెప్పి ఆ అబ్బాయిని ఏడిపించకు," అంది అత్తగారు. "రేపు పొద్దుటి బండికి వెళ్తాను. అటు చేరాక చెప్తాను, సంతకం పెట్టేసెయ్."

"అటు అంటే? పడుకునేది ఎక్కడ?"

"గొడుగులావిడ గదిలో రెండో మంచం ఉంది. బాత్రూమ్ పక్కనే. అన్నం ఆవిడ వండుతుంది, కూరలు నేను తరుగుతాను. అంతా మాట్లాడుకున్నాం. నువ్వు ఎంతకీ తెమల్చకపోతే అడుగుదామనుకుంటున్నా."

"మీ అబ్బాయికి ఏం చెప్పమంటారు?"

"నేనే చెప్తాను. వాడు నా కొడుకు, ఆధారాలు చూపించాల్సిన పనిలేదు."

కొడుకు వచ్చాడు, విన్నాడు, తిన్న కంచం ముందు నుంచి లేవలేదు.

"ఇక్కడ ఏం తక్కువైందమ్మా నీకు?"

"తక్కువేం లేదురా. ఆ కిటికీయే ఎక్కువైంది. నాలుగేళ్లు చూశాను."

"మేం చూసుకోవట్లేదా?"

"చూసుకుంటున్నారు. నేను కూడా ఏదో ఒకటి చూసుకోవాలి కదా. అక్కడ గొడుగులున్నాయి."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నాక అతను వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంకో తప్పు వెతకరాదూ? నీకు చేతకాని పనా?"

"వెతికితే దొరకదు," అంది ఆమె. "అతని వ్యాసంలో తప్పులు అయిపోయాయి, ఇక నేనే తయారుచెయ్యాలి."

"సంతకం పెట్టాక కూడా పది రోజుల్లోపు నీ సంతకం వెనక్కి తీసుకోవచ్చు అంటావు కదా."

"తీసుకోవచ్చు. గోడ తెరుచుకుంటుంది, బండి వస్తుంది."

"అయితే సరే," అన్నాడు అతను, కొంత తేలిగ్గా. ఆమెకు ఏమీ తేలికపడలేదు.

పొద్దున అత్తగారు కత్తెర, వేలికి తొడుక్కునే అంగుస్తానా, దారపు ఉండలు, మందుల డబ్బా, నాలుగు చీరలు ఒక సంచిలో సర్దుకుంది. బండి ఆలస్యంగా వచ్చింది. గార్డు సంచి అందుకుని, కోడలి మొహం చూసి, నిమిషం దాటినా ఈల ఊదలేదు. కొడుకు తల్లి చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు, వాటిని ఎవరికివ్వాలో తెలియనట్టు. అత్తగారే చెయ్యి చాపి తీసుకుంది.

"పాలగిన్నె మాడింది, నీళ్లు పోసి నానబెట్టు," అంది కోడలితో. బండి కదిలింది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనకనుంచి ఎవరిదో గడగడా మాట వినిపిస్తోంది. "చేరాను. ఇక్కడ మబ్బు పట్టింది, చేతినిండా పని. పెట్టేసెయ్."

ఆమె సంతకం పెట్టేసింది. పట్టాలు బాల్కనీ వైపు నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వచ్చి వంటింటి గోడలోకి పోయాయి. గోడ మూసుకుంది. గ్లాసులు కదలడం మానేశాయి. ఫార్మసిస్టు నుంచి 'ధన్యవాదాలు మేడమ్' అని ఒక ముక్క వచ్చింది. ఆమె తడిగుడ్డ తీసుకుని రజను తుడవడం మొదలుపెట్టింది.

రెండో రోజు ఆడపడుచు ఫోన్ చేసింది.

"మా అమ్మను రైలెక్కించి గోడ మూసేశావటగా వదినా."

"అవును."

"అవునంటావేంటి? నలుగురూ ఏమంటారు?"

"నువ్వు ఇప్పుడన్నదే అంటారు."

"మనసెలా ఒప్పింది నీకు?"

"ఆవిడ మనసు ఒప్పింది. నాది ఎవరూ అడగలేదు," అని పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు చేతిలో గుడ్డ కదలలేదు.

ఆదివారం భర్త బస్సు పట్టుకుని, స్టేషన్‌కు పోయి, టికెట్ కొనుక్కుని ఆ చివరిదాకా వెళ్లొచ్చాడు. బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడ్డాడు.

"ఎలా ఉన్నారు?"

"బయట బెంచీ మీద కూర్చోమంది. చేతిలో పని ఉందట. గంటసేపు కూర్చున్నాను. ఆ తరవాత నా చొక్కా గుండీ ఊడిందని తిట్టి, కుట్టి, పంపించింది." గుండీ చూపించాడు. "వర్షాలు తగ్గితే అక్కడ ఏం చేస్తుంది? ముందు ముందు మరీ కదల్లేకపోతే? పోనీ సంతకం వెనక్కి తీసుకో. గడువు ఇంకా ఉంది. రమ్మనడమే కదా, రాకపోతే మానేస్తుంది."

అతను చెప్పింది అబద్ధమేం కాదు. హాలు మరీ పెద్దదైపోయింది. కూర ఎలా ఉన్నా ఎవరూ ఏమీ అనడం లేదు. ఒక్క బొత్తాం నొక్కితే మంచం పక్కకు పట్టాలు వచ్చేస్తాయి. ఆవిడ రానంటే బతిమాలడానికి కొడుకు ఉన్నాడు, కూతురు ఉంది. అంతమంది రోజూ బతిమాలుతుంటే ఏ మనిషైనా ఎన్నాళ్లు కాదనగలదు? వచ్చేస్తుంది. వచ్చి, కిటికీ వైపు తిరిగి పడుకుంటుంది.

"అన్నానికి లేవండి," అంది ఆమె.

గడువు తీరేదాకా ఆ వ్యాసం పేజీ తెరవకూడదని అత్తగారి ఫోన్ వచ్చిన మధ్యాహ్నమే ఆమె అనుకుంది. తెరిస్తే చెయ్యి ఆగదని తెలుసు. అతను రోజూ అడిగాడు. ఆడపడుచు రోజూ ఏడ్చింది. రెండుసార్లు కంప్యూటరు ముందు కూర్చుని, రెండుసార్లూ లేచి బట్టలు ఉతుక్కుంది.

పదో రోజూ గడిచింది. తెరవలేదు.