పొడుగు గ్లాసు

ఇరవై మూడో గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, "నీళ్ళు కలపకుండా మింగాడు వీడెవడో, ఇంట్లో గొడవేమో," అని గొణుగుతూ సబ్బునీళ్ళలో ముంచింది వాసనమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఆ బార్లో ఎవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా వెనకగదిలో గ్లాసులు కడుగుతోంది. వేళ్ళు నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి, గోళ్ళు అరిగిపోయాయి, ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. వాసన చూడనిదే ఏ గ్లాసూ కడగదు.

ఆ రోజు ఆ ముక్కుకు అసలు పని సాయంత్రం ఉంది. తాగే వయసును ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించిన చట్టం పొద్దున్నే అమల్లోకి వచ్చింది. పద్దెనిమిది నిండి నెలైనా కాని మనవడు, ముగ్గురు స్నేహితులతో ఆ బారుకే వస్తానని ఆమె పనికి బయల్దేరేముందే చెప్పాడు.

"నేను సోడానే తాగుతానమ్మమ్మా, ఒట్టు."

"మీ నాన్న కూడా సోడాతోనే మొదలెట్టాడు. నీ గ్లాసు చివరికి నా చేతికే వస్తుంది నాయనా. చుక్క వాసన తగిలిందో, మళ్ళీ నా గడప తొక్కకు. పోయి మీ నాన్న దగ్గరే పడుండు."

కూతురు పోయాక, ఎనిమిదేళ్ళవాణ్ణి ఆ తాగుబోతు ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని తెచ్చుకుంది. అప్పటినుంచి వాడి చొక్కా ఉతికేముందూ వాసనే, వాడు నిద్రపోతే నోటి దగ్గర వంగీ వాసనే. పదేళ్ళుగా ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే ఆమె అనుమానం.

సాయంత్రం వెనకసందులో మూడు బళ్ళు ఆగాయి. చేతిలో పని వదిలేసి, హాలు వైపు తలుపు సందులోంచి తొంగి చూసింది.

"తలుపు అరిగిపోతుంది పిన్నీ," నవ్వాడు నెరిసిన మీసాల సర్వరు. "మీవాడిది నిమ్మసోడా. మిగతా ముగ్గురికే రమ్ము."

"నువ్వు వాడి పక్షం. నీ మాట నేను నమ్మను. గ్లాసులు పట్టుకురా, అవే చెప్తాయి."

కాసేపటికి తెచ్చాడు. "పొడుగుది మీవాడిది," అని ట్రే దించి, మరో టేబులువాళ్ళు పిలిస్తే పరిగెత్తాడు.

పొడుగు గ్లాసు ఎత్తింది. రమ్ము గుప్పుమంది.

తడిచేతులతోనే హాల్లోకి నడిచింది. జనం ఉండగా ఆ తలుపు దాటడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు.

"లే. మీ నాన్న దగ్గరికి పో."

"అమ్మమ్మా, నేను..."

"నోరు తెరవకు. నీ గ్లాసే చెప్పింది."

వాడు తల దించుకుని కూర్చున్నాడు. ఆమె వెనుదిరిగి వచ్చి, రెండు గ్లాసులు కడిగి, కడిగినవే మళ్ళీ కడిగింది.

సర్వరు ఇంకో ట్రేతో వస్తూ గుమ్మంలోనే ఆగి, చిన్న గ్లాసుల్లో మిగిలినదంతా పొడుగు గ్లాసులోకి వంపుతున్నాడు.

"అదేం పనిరా?"

"బాగుంది పిన్నీ! నువ్వు నేర్పిందేగా. ట్రేలో ఒలకకుండా అన్నీ పెద్దదాంట్లో వంచి తెమ్మని, నేను చేరిన రోజే చెప్పావు."

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "మావాడి టేబుల్‌వి కూడా... అలాగే తెచ్చావా?"

"ఎప్పుడైనా అలాగేగా."

కిటికీలోంచి చూసింది. మూడు బళ్ళూ సందులోనే ఉన్నాయి. మనుషుల్లేరు.

"బళ్ళొదిలేసి ఎక్కడికి పోయారు?" అప్పటికీ గొంతులో అనుమానం చావలేదు.

"నడిచెళ్ళారు. తాగినవాడెవడూ బండెక్కడానికి వీల్లేదని మీవాడు పట్టుబట్టాడు. ముగ్గుర్నీ ఇళ్ళకు చేర్చి, అటునుంచటే వాళ్ళ నాన్న దగ్గరికి పోతానన్నాడు. టేబుల్ మీద పెట్టింది నీకిమ్మన్నాడు. అమ్మమ్మ దగ్గరుంటే తెల్లారేదాకా ఎవడడిగినా ఇవ్వదు, అన్నాడు."

చేతులు తుడుచుకోకుండానే వెళ్ళింది. నాలుగు కుర్చీలూ లోపలికి జరిపి ఉన్నాయి. టేబుల్ తుడిచి ఉంది. దాని మధ్యలో, బోర్లించిన చిన్న గ్లాసు కింద, మూడు తాళంచెవులు.