కర్రోణ్ణి తెచ్చుకోవలసిన శనివారం

పొంగలి అడుగంటబోతోందని జీవమ్మకు ముక్కే చెప్పింది. పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగి, తెడ్డును రెండు చేతులా పట్టుకుని, నడుమంతా ఊపుతూ గుండిగలో తిప్పడం మొదలుపెట్టింది. శనివారం బడిపిల్లలకు తీపి పొంగలి. మిగతా రోజుల్లో పప్పులో ఉప్పెక్కువైనా నోరెత్తని పిల్లలు ఆ ఒక్కరోజు మాత్రం పొద్దుటినుంచే వంటగది కిటికీ దగ్గర తచ్చాడుతుంటారు.

జీవమ్మకు యాభై దాటాయి. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లి కాలిన మచ్చలు. జుట్టు ముడేసుకుని ఆ ముడిలోనే దువ్వెన గుచ్చుకుంటుంది, తర్వాత ఆ సంగతి మరిచిపోయి ఇల్లంతా వెతుక్కుంటుంది. ఆళ్లగడ్డలో ఆ బడికి వంటమనిషిగా కుదిరిన రోజునుంచి ఆమె చేతికింద తిని ఎదిగిన పిల్లలు ఇప్పుడు ఆటోలు తోలుతున్నారు, పిల్లల్ని కన్నారు. వాళ్ళెవరికీ ఆమె పేరు తెలియదు. వంటమ్మ అంటారు, అంతే.

"ఏందక్కా, ఈ పొద్దు చేతుల్లో అంత ఊపు?" అంది తోడు వంటామె బాలమ్మ, కందిపప్పు మెదుపుతూ.

"బేగా దించి పోవల్ల. నంద్యాలకు పోతాండా."

"కర్రోడికోసమా? ఈసారన్నా ఇస్తారా వాళ్ళు?"

"ఇయ్యకేం జేస్తారు. అడిగిందల్లా చేస్తి గదా."

కర్రోడంటే మనిషి కాదు, కుక్క. ఒళ్ళంతా నల్లగా, ఛాతీ మీద మాత్రం సున్నం చిందినట్టు తెల్లమచ్చతో ఉండే వీధికుక్క. కొన్నేళ్ళ కిందట వానలో తడిసి వంటగది అరుగు మీదకెక్కింది. బాలమ్మ కట్టె విసిరింది, జీవమ్మ అన్నం పెట్టింది. ఆనాటినుంచి పిల్లలు తిని వెళ్ళేదాకా గేటు బయటే కూర్చుని, ఆమె చేతులు కడుక్కుని బయటికి రాగానే వెంట నడిచేది. చర్చి వెనకాల ఆమెకొక గది ఉంది. ఆ గది గుమ్మానికి అడ్డంగా పడుకునేది.

మొగుడు తిమోతి సున్నిపెంటలో పని దొరికిందని వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. క్రిస్మస్‌కొస్తా, గుడ్‌ఫ్రైడేకొస్తా అని కబుర్లు పంపుతూ పోయాడు గానీ వచ్చిన పాపాన పోలేదు. పిల్లల్లేరు. ఎవరి ముందూ నోరు విప్పి ఏడవని మనిషి జీవమ్మ. ఆ ఏడుపేదో గుమ్మంలో పడుకున్న కర్రోడికే చెప్పుకునేది. వాడు ఒక చెవి నిక్కబొడుచుకుని వినేవాడు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆమెకున్న సంసారం అదే.

పోయిన వానాకాలంలో శిల్పాలు చెక్కే షెడ్డు దగ్గర, రాళ్ళు దించి వెనక్కొస్తున్న ట్రాక్టరు కర్రోడి వెనక కాలు మీదుగా పోయింది. జీవమ్మ పాతచీరలో వాణ్ణి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని నంద్యాల దారిలో అయ్యలూరుమెట్ట దాటాక ఉన్న కుక్కల ఆశ్రమానికి పరుగెత్తింది. దెబ్బలు తగిలినవాటిని అక్కడ చూస్తారని ఎవరో చెప్పారు. అక్కడ అక్షయ అనే చదువుకున్న పిల్ల, చల్లని ముఖం, ఎదురొచ్చి కర్రోణ్ణి చేతుల్లోకి తీసుకుంది. "భయపడకండమ్మా. కాలు బాగయ్యాక మీ కుక్కను మీరే తీసుకెళ్దురు గానీ" అంది. జీవమ్మ ఆ మాట కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది.

కాలు బాగయ్యింది. మాటే మారింది. మీ కుక్క అన్నవాళ్ళు మా దగ్గరున్న కుక్క అనడం మొదలుపెట్టారు. ఇక్కడికొచ్చిన ఏ జంతువునైనా దత్తత పద్ధతిలోనే ఇస్తామన్నారు. ఇల్లెక్కడ, ఒక్కరే ఉంటారా, ఆదివారం పొద్దంతా చర్చిలో ఉంటే కుక్కనెవరు చూస్తారు, మీకేమన్నా అయితే దాని గతేంటి అని అడిగారు. పెళ్ళిచూపుల్లో కూడా తననిన్ని ప్రశ్నలు అడగలేదని జీవమ్మకు అనిపించింది. వెళ్ళినప్పుడల్లా కర్రోడు ఇనుప జాలీ వెనకనుంచి ముక్కు దూర్చేవాడు. ఆమె వేళ్ళు నాకించుకుని వచ్చేసేది.

చివరికి ప్రహరీ లేనిదే కుదరదన్నారు. సరే, అదీ కడదాం అనుకుంది. శిల్పాల నారాయణాచారిని అడిగితే, చెక్కుతుండగా విరిగిన రాళ్ళు ఎన్ని కావాలంటే అన్ని తీసుకుపొమ్మన్నాడు. వంట అయ్యాక సాయంత్రాలు తట్టతో మోసింది. మట్టితో తనే కట్టింది. గది ముందు నడుమెత్తు గోడ లేచింది. అందులో ఒకచోట విరిగిన తామరపీఠం, ఇంకోచోట అభయమిచ్చే చెయ్యి. ప్రార్థనకొచ్చే ఆడవాళ్ళు అది చూసి గుసగుసలాడారు. "దేవుడి చెయ్యిని గోడలో పెట్టుకుంటివే సిస్టర్" అని ఒకామె అడిగేసింది కూడా. "రాయమ్మా అది. కుక్క బయటికి పోకుండా ఉంటే చాలు నాకు" అంది జీవమ్మ.

గోడ ఫొటో చూసి అక్షయ సంతోషించింది. ఇంక ఒక్కటే మిగిలిందట. మీ గురించి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే నంబరివ్వండి, ఫోన్ చేసి కనుక్కుంటాం అంది. జీవమ్మ ఆలోచించకుండా సంఘ పెద్ద ఇమ్మానుయేలు నంబరిచ్చింది. ఇంకెవరిస్తుంది? విత్తనాల కొట్టు నడుపుకుంటూ సంఘంలో అందరి మంచిచెడ్డా చూసేది ఆయనే. కుట్టుమిషన్లిచ్చేవాళ్ళు గానీ, దుప్పట్లు పంచేవాళ్ళు గానీ, ఏ సంస్థవాళ్ళు ఫోన్ చేసినా ఆయనే మాట్లాడి ఇప్పిస్తాడు.

పిల్లలకు వడ్డించి, గుండిగ కడిగి బోర్లించి జీవమ్మ బయటపడేసరికి ఆ ఇమ్మానుయేలే బడి గేటు దగ్గర స్కూటరాపాడు.

"వందనాలు సిస్టర్. ఆ నంద్యాల వాళ్ళు నిన్న ఫోన్ చేసినారు. నీ గురించి బాగా చెప్పినా. ఇంక నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."

"నీ రుణం ఉంచుకోనన్నా" అంది జీవమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకరు తన గురించి బాగా చెప్పడమన్నది ఆమె బతుకులో అరుదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శిరివెళ్ళ దాటేదాకా ఆమె మనసు ఇంట్లోనే తిరిగింది. గోడ మూల నీడపట్టున గోనెసంచి పరిచి వచ్చింది. సంచి గుచ్చుకుంటుందేమో, పైన పాతచీర వేస్తే మేలేమో. తిరుగు ప్రయాణంలో కండక్టరు కుక్కనెక్కనివ్వడు, ఆటోలోనే రావాలి. రేపు ఆదివారం కర్రోణ్ణి గోడలోపల వదిలి గొళ్ళెం పెట్టి ప్రార్థనకు వెళ్ళాలి, వాడు అరుస్తాడు, పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి ఇటు చూస్తాడు. ఆ దృశ్యం తలచుకుని బస్సులో తనలో తనే నవ్వుకుంది. పక్కనున్నామె కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

ఆశ్రమం ఆవరణలో తెల్ల కారొకటి ఆగి ఉంది. దాని పక్కన చలువ కళ్ళద్దాల మనిషి, ఆయన భార్య. అక్షయ కర్రోణ్ణి బయటికి తీసుకొస్తోంది. మెడకు కొత్త పట్టీ, ఎర్రగా మెరుస్తోంది. జీవమ్మను చూడగానే వాడు ఆ పిల్ల చేతిలోని తాడు లాక్కుని, కాస్త కుంటుతూ పరుగెత్తుకొచ్చి ఆమె పాదాల మీద పడిపోయాడు. తోకతో నేలంతా ఊడ్చేశాడు. గొంతులోంచి ఏదో మూలుగు. జీవమ్మ కూలబడి వాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వచ్చినా నాయనా, వచ్చినా. ఇంటికి పోదాం పా" అంది.

అక్షయ ఆమెను పక్కకు పిలిచింది.

"అమ్మా, మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను. బ్రూనోని వీళ్ళకిస్తున్నాం. కర్నూల్లో సొంతిల్లు, పెద్ద తోట ఉంది."

"బ్రూనో ఎవురు?"

అక్షయ కర్రోడి వైపు చూసింది.

జీవమ్మకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "గోడ కట్టినా గదా పాపా. నువ్వే చూస్తివి."

"గోడ బాగుందమ్మా. కానీ మీ పెద్దాయనే చెప్పారు, మీకు రెండు పూటలా తిండి గడవడమే కష్టమని. బడిలో మిగిలింది తింటారట, ఇల్లు కురుస్తుందట, ఆరోగ్యం కూడా బాగుండదట. అలాంటప్పుడు మేమెలా ఇవ్వగలం చెప్పండి."

జీవమ్మ కొంగు చివర కట్టుకున్న చిన్న ఫోన్ తీసి ఇమ్మానుయేలుకు కలిపింది.

"ఏం చెప్పినావన్నా వీళ్ళకు?"

"ఏముంది సిస్టర్, మొగుడు వదిలేసినాడు, ఎనకాముందూ ఎవురూ లేరు, తిండికే కష్టమని చెప్పినా. ఎవురు ఫోన్ చేసినా అట్లనే గదా చెప్పేది. పోయిన తూరి లూదియమ్మకు మిషనొచ్చింది అట్ల చెప్తేనే."

"వీళ్ళు ఇచ్చేవాళ్ళు కాదన్నా. నేను కుక్కను సాకగలనా లేదా అని కనుక్కున్నారు."

"ఆ పాప నీ పరిస్థితి ఎట్లుందని అడిగె. సాయం చేస్తారేమో అనుకుంటి."

"పోనీలే. ఇప్పుడు చెప్పు. ఆ పాప ఈడే ఉంది. జీవమ్మ పని చేసుకోని తింటాది, ఏ లోటూ లేదు, సాకుతాదని ఒక్క మాట చెప్పన్నా."

అవతల కొట్లో ఎవరో విత్తనాల రేటు అడుగుతున్నారు. ఇమ్మానుయేలు వాళ్ళకు జవాబు చెప్పి మళ్ళీ ఫోన్లోకొచ్చాడు.

"అదెట్ల కుదురుతాది సిస్టర్. నిన్నొక మాట, ఈ పొద్దొక మాట చెప్తే నన్నేమనుకుంటారు? సంఘ పెద్దను గదా. రేపు ఇంకొకరికి సాయం గావల్లంటే నా మాట నమ్ముతారా? కుక్కలకేం కరువు, ఊరినిండా ఉండాయి. ప్రార్థన చేసుకో." ఫోన్ పెట్టేశాడు.

సిస్టర్ అని పిలిచిన మనిషి. ప్రతి ఆదివారం ఆయన చేతికే ఆమె కానుక సంచి అందిస్తుంది. తన పరువుకోసం ఆమెను బిచ్చగత్తెను చేసి వదిలేశాడు. అంతకన్నా, ఎదురుగా నిలబడ్డ ఈ చల్లని ముఖాన్ని చూస్తే జీవమ్మకు ఒళ్ళు మండింది.

"నువ్వు చెప్పినావు పాపా. కాలు బాగయినాక తీసకపో అని. నేనడగలా. నీ నోటితో నువ్వే చెప్పినావు."

అక్షయ తల దించుకుంది. "అప్పుడు మీరు బాగా భయపడిపోయి ఉన్నారమ్మా. ఓదార్చడానికి అన్నాను."

"ఓదార్చడానికి" అని జీవమ్మ ఆ మాటను మళ్ళీ అనుకుంది. "నన్ను నమ్మించినారు మీరు. అట్ల అని తెలిసింటే ఆ పొద్దే ఎనక్కి ఎత్తుకపోయుంటి. కుంటిదయితే కుంటిదే సాకుకుందును."

కర్నూలు మనిషి గడియారం చూసుకున్నాడు. కారు వెనక తలుపు తెరిచి కర్రోణ్ణి పిలిచాడు. వాడు కదల్లేదు. తాడు పట్టి లాగితే నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఆశ్రమం పనివాడొచ్చి వెనకనుంచి నెట్టాడు. ఆ నెట్టడంలో నయమైన కాలు కిందకు మడతపడి కర్రోడు కెవ్వుమన్నాడు. కర్నూలు మనిషి భార్య ఓ బిస్కెట్ చూపించింది. వాడు దాన్ని చూడలేదు. చూపంతా జీవమ్మ మీదే.

"కాలు" అంది జీవమ్మ. "కాలు ఇరుగుతాది, లాగొద్దండి."

అక్షయ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "మీ మాటైతే వింటాడమ్మా. మీరొకసారి చెప్పండి."

జీవమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఈ మాట అడగడానికి నోరెలా వచ్చిందో అనుకుంది. కాదని వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే వీళ్ళు మళ్ళీ లాగుతారు, నెడతారు, కట్టు విప్పిన కాలు మళ్ళీ విరుగుతుంది. కారు దగ్గరకు నడిచింది. లోపల సీట్ల మీద తెల్లటి గుడ్డ. గుమ్మం ముందు విడిచినట్టే చెప్పులు కారు పక్కన విడిచి, ఒంగి లోపలికెక్కి కూర్చుంది. పక్కన సీటు మీద అరచేత్తో తట్టింది.

"ఎక్కు నాయనా."

కర్రోడు ఒక్క గెంతులో ఎక్కాడు. ఇంటికేనన్న నమ్మకంతో ఆమె తొడ మీద తల పెట్టి, పెద్దగా ఊపిరి వదిలాడు. ఆమె వాడి చెవుల వెనక గోకింది. ఛాతీ మీది తెల్లమచ్చను నిమిరింది. "నన్ను తిట్టుకోకురా" అంది, వాడికి మాత్రమే వినబడేలా. ఆపైన అవతలి తలుపు తీసుకుని దిగి, వాడి ముక్కు బయటికి రాకముందే మూసేసింది. ఇవతలి తలుపు ఎవరో మూశారు. అద్దానికవతల కర్రోడు ఇంకా తోక ఊపుతున్నాడు, ఆమె కారు చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ ఎక్కుతుందని.

కారు గేటు దాటి కర్నూలు వైపు మలుపు తిరిగింది. అక్షయ టీ తాగి వెళ్ళమంది, జీవమ్మ వినిపించుకోలేదు. తల మీద కొంగు లాక్కుని, ఎండకు కాలిపోతున్న తారురోడ్డు మీద బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళింది.

ఆశ్రమం ఆవరణలో, కారు నిలిచిన చోట, ఒక పట్టీ తెగి పిన్నీసు గుచ్చిన పాత చెప్పుల జత, ఎవరో ఇప్పుడే లోపలికెళ్ళినట్టు, పక్కపక్కనే ఉండిపోయింది.